జాలంలో సంధికార్యం



చాలా రోజుల తరువాత టపా రాస్తున్నాను. ఆలస్యానికి కారణం కూడా ఈ టపాలోనే ఉన్నది. విషయం కంప్యూటర్ల జాలం, అందులో ఒక యంత్రం మరొక యంత్రంతో ఎలా కలుస్తుందన్నది. తెలుగు పండిత శిక్షణ పొంది, జీవితమంతా బళ్లో ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకున్నవాడికి ఈ శాస్త్రంలో వేలు పెట్టే అధికారమేమిటని మీలో సాంకేతిక నిపుణులకు అనిపించవచ్చు. అధికారం లేదు, అవసరం పడింది. పొరపాట్లుంటే దిద్దండి, సంతోషిస్తాను.

మా ఆవిడకు రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు స్వాధీనం తప్పాయి. వాటితో పాటు మాట కూడా పోయింది. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, బదులు చెప్పబోతే మాత్రం మాట రాదు. అమెరికాలో ఉన్న మా అమ్మాయి ప్రతి సాయంత్రం ఏడున్నరకు, తాను ఉద్యోగానికి కూర్చోబోయే ముందు, ఫోనులో కనబడి తల్లితో పావుగంట మాట్లాడుతుంది. మాట్లాడేది తానొక్కతే. ఏం వండుకున్నదో, పిల్లవాడు బడిలో ఏం అల్లరి చేశాడో చెబుతుంది. తల్లి చూస్తూ ఉంటుంది. ఆ పావుగంటా మా ఆవిడ ముఖంలో కనిపించే వెలుగు రోజు మొత్తంలో మరెప్పుడూ కనిపించదు.

మాది రెండడుగుల మందం గోడల పాత పెంకుటిల్లు. సెల్ ఫోను సంకేతాలు వీధరుగు మీదికి వస్తాయి గాని గడప దాటి లోపలికి రావు. ఆవిడ మంచం వెనుక గదిలో ఉన్నది. కనుక ఆ పావుగంటకు ఆధారం ఇంటికి వచ్చే ఫైబరు తీగ, దాని కొసనున్న రౌటరు అనే చిన్న పెట్టె. ఇవి లేకపోతే మా అమ్మాయి లేనట్టే.

ఈ మధ్య ఒక సాయంత్రం ఏడున్నర అయింది, పిలుపు రాలేదు. ఎనిమిదైనా రాలేదు. ఫోను చూస్తే వైఫై గుర్తు, ఆ విసనకర్ర, నిండుగానే ఉన్నది. కలిసే ఉన్నాము గదా, మరి అమ్మాయికేమైందని నాకు భయం పట్టుకుంది. ఆ విసనకర్ర పక్కనే ఒక ఆశ్చర్యార్థక చిహ్నం ఉన్నదని తరువాత తెలిసింది. పిల్లల రాతల్లో విరామ చిహ్నాలు లేవని మార్కులు కోసిన నా కంటికి అది ఆనలేదు. అరుగు మీదికి వెళ్లి ఫోను చేస్తే అమ్మాయి క్షేమంగానే ఉన్నది. "నేను గంట నుంచీ ప్రయత్నిస్తున్నాను నాన్నా, మీరే దొరకడం లేదు" అన్నది.

లోపలికి వచ్చి చూస్తే రౌటరు మీద ఒక దీపం ఎర్రగా వెలుగుతున్నది. ఫిర్యాదు చేశాను. వాళ్లు ఒక సంఖ్య ఇచ్చారు గాని మనిషిని పంపలేదు. రెండవ రోజు ఎవరో చెప్పగా పెట్టె వెనుకనున్న చిన్న రంధ్రంలో పిన్నీసు గుచ్చి చాలాసేపు నొక్కాను. దానివల్ల ఉన్న అమరికలన్నీ చెరిగిపోయాయి. అంటే ఒక తెగుకు రెండవ తెగును నేనే చేర్చాను. నాలుగు సాయంత్రాలు అలాగే గడిచాయి. ఏడున్నరకు మా ఆవిడ ఫోను వంక చూసేది. "అమ్మాయికి పని ఎక్కువగా ఉన్నదట" అని నేను అబద్ధమాడేవాణ్ణి. నాలుగవ రోజు ఆవిడ ముఖం గోడవైపు తిప్పుకుంది.

అయిదవ రోజు ఉదయం భుజాన తీగచుట్ట, చేతిలో ఒక పెట్టెతో ముప్పై దాటిన మనిషి వచ్చాడు. "మాస్టారూ, నన్ను గుర్తుపట్టారా?" అన్నాడు. పట్టలేదు. "తొమ్మిదో తరగతిలో 'మహర్షి' విడదీయమంటే 'మహ, రిషి' అన్నాను గదండీ" అన్నాడు నవ్వుతూ.

అప్పుడు గుర్తుకు వచ్చాడు. ఆ రోజు అతణ్ణి బల్ల ఎక్కించి, తరగతి అంతా వినేలా "నీకు జన్మలో సంధి కుదరదురా" అన్నాను. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ మరుసటి ఏడు అతడు బడికి రాలేదు. ఇంట్లో అప్పులన్నారు, పొలం పోయిందన్నారు. కారణం ఏదైనా కావచ్చు. నేను మాత్రం ఒక్కసారైనా వాళ్లింటికి వెళ్లి అడగలేదు.

అతడు రౌటరుకు వచ్చే తీగ ఊడదీసి, కలం వంటి ఒక పరికరంతో అందులోకి ఎర్రని కాంతి పంపాడు. వీధిలోకి వెళ్లి చూస్తే మలుపు దగ్గర స్తంభం కింద తీగలోంచి ఎర్రని వెలుగు బయటికి కారుతున్నది. వరిగడ్డి వేసుకుని వెళ్లిన ట్రాక్టరు తీగను లాగేసిందన్నమాట. స్తంభం మీది పెట్టె నుంచి కొత్త తీగ లాగి, మా అరుగు మీదనే కూర్చుని అతకడం మొదలుపెట్టాడు. నేను ముక్కాలిపీట వేసుకుని పక్కన కూర్చున్నాను.

ఆ తీగలో ఉన్నది గాజుపోగు. పైతొడుగులు తీసివేస్తే దాని మందం 125 మైక్రానులు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. కాంతి నడిచే దారి దాని నడుమ సుమారు 9 మైక్రానులు మాత్రమే. కబురు రావడానికీ పోవడానికీ ఒకటే పోగు చాలు, ఒక్కొక్క దిక్కుకు ఒక్కొక్క రకం కాంతి, రెండూ మన కంటికి కనబడనివే. ఆ పోగు కొసను కంటికి ఎదురుగా పెట్టుకుని చూడకూడదని నన్ను హెచ్చరించాడు కూడా. కొసలను సారాయంతో తుడిచి, తిన్నగా కోసి, పెట్టెలో ఎదురెదురుగా పెట్టాడు. పెట్టె తెర మీద రెండు కొసలూ పెద్దవిగా కనిపించాయి, ఒకదాని దగ్గరకు ఒకటి జరిగాయి. ఒక్క మెరుపు మెరిసింది. తెర మీద 0.02 అని అంకె వచ్చింది. అతుకు దగ్గర పోయే కాంతి అంత స్వల్పమన్నమాట.

"రెండు కొసలూ శుభ్రంగా ఉండాలి మాస్టారూ. తిన్నగా తెగి ఉండాలి, ఎదురెదురుగా నిలవాలి. ఏ ఒక్కటి తప్పినా అతుకు నిలవదు" అన్నాడు.

రెండు అచ్చుల మధ్య ఏమీ అడ్డు లేనప్పుడే అవి కలిసి ఒకటవుతాయని నేను ఎన్ని వందల మందికి చెప్పానో! సంధి కుదరదన్నవాడు మా అరుగు మీద కూర్చుని నా కళ్ల ముందే సంధి చేశాడు.

ఎర్రదీపం ఆరింది, పచ్చదీపం వెలిగింది. కాని ఫోను కలవలేదు. నేను పిన్నీసుతో చేసిన నిర్వాకం ఉన్నది గదా! "ఇప్పుడు మొదటి నుంచీ అన్నీ చేయాలండీ" అన్నాడు. "అయితే ఒక్కొక్కటీ నాకు చెబుతూ చెయ్యి నాయనా, ఈసారి తెగితే ఎక్కడ తెగిందో నాకు తెలియాలి" అన్నాను. పుస్తకమూ కలమూ తెచ్చుకున్నాను. ఆనాటి గురుశిష్యుల స్థానాలు ఆ పూట తారుమారయ్యాయి. ఇక్కడి నుంచి రాసేది చాలావరకు ఆ పుస్తకంలోనిదే.

మొదటి కలయిక ఫోనుకూ రౌటరుకూ మధ్య. రౌటరు తన పేరు గాలిలో చాటుకుంటూ ఉంటుంది. ఫోను ఆ పేరు విని, సంకేతపదం సరిగా చెబితే లోపలికి రానిస్తుంది. ఆ గాలి దారులు సాధారణంగా రెండు: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. రెండవది వేగం గలది, అయితే గోడలంటే దానికి పడదు. మొదటిది నెమ్మదైనా గోడలు దాటి కొంత దూరం పోతుంది. మా ఆవిడ గదికి మొదటిదే తగినదని అతడు దానికి వేరే పేరు పెట్టాడు. పెట్టెను కూడా వీధి గదిలో నుంచి నడిమింటికి మార్చాడు. విసనకర్ర గుర్తు చెప్పేది ఈ ఒక్క కలయిక సంగతి మాత్రమే. ఫోనూ రౌటరూ కలిసే ఉన్నాయి, రౌటరు మాత్రం ప్రపంచంతో తెగిపోయింది. నేను నాలుగు రోజులు మోసపోయింది ఇక్కడే.

రెండవది చిరునామా. ప్రతి పరికరానికీ తయారీనాడే పెట్టిన గుర్తు ఒకటి ఉంటుంది, పన్నెండు అక్షరాంకాలది. ఎవరూ వెంబడించకుండా ఈ కాలపు ఫోన్లు దానికి బదులు మారుపేరు చెప్పుకుంటున్నాయట. అది ఇంటిలోపలి కలయికకే పనికివస్తుంది. ఊళ్లు దాటాలంటే ఐపీ చిరునామా కావాలి. పెళ్లివారి విడిదింటికి వచ్చిన చుట్టం గది అడిగినట్టు, ఫోను వచ్చీ రాగానే అడుగుతుంది: "ఇక్కడ చిరునామాలు ఇచ్చేవారెవరైనా ఉన్నారా?" ఎవరిని అడగాలో తెలియదు గనుక అందరికీ వినబడేలా అడుగుతుంది. "నేనున్నాను, 192.168.1.7 ఖాళీగా ఉన్నది" అంటుంది రౌటరు. "అయితే అది నాకు ఇప్పించండి" అంటుంది ఫోను. "ఇచ్చాను, ఇంత గడువు వరకు నీదే" అని రౌటరు ఖాయం చేస్తుంది. ఈ నాలుగు మాటలూ రెప్పపాటులో ముగుస్తాయి.

ఇక్కడ నాకొక సందేహం వచ్చింది. మా ఎదురింట్లోనూ 192.168.1.7 ఉండవచ్చు గదా, తగవు రాదా? రాదు. మా అమ్మాయిని ఇంట్లో చిట్టి అంటాము. ఊళ్లో ఎన్ని ఇళ్లలో చిట్టులున్నా ఎవరికీ చిక్కు లేదు, ఎందుకంటే అది గడప లోపలి పేరు. 192.168తో మొదలయ్యేవి అటువంటి ముద్దుపేర్లు. బయటివారికి తెలిసేది రౌటరుకో, దాని పైనున్న సంస్థకో ఉన్న వీధి చిరునామా. లోపలివారు ఎవరు ఏమి అడిగారో రౌటరు చిట్టా రాసుకుని, వచ్చిన బదులును వారికే అందిస్తుంది. ఈ ఏర్పాటుకు కారణం సంఖ్యల కరువు. పాత పద్ధతిలో సాధ్యమయ్యే చిరునామాలు సుమారు 429 కోట్లు. లోకంలోని ఫోన్లకే అవి చాలవు. అందుకే అంతులేనన్ని చిరునామాలున్న ఆరవ సంచిక పద్ధతిని తెచ్చారు. రెండు పద్ధతులూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

మూడవది పేరు. మనం అంకెలు గుర్తు పెట్టుకోలేము, యంత్రాలకు పేర్లతో పని లేదు. పేరు చెబితే అంకె చెప్పే నిఘంటువు వంటి ఏర్పాటును 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించాడు. దానిలో నాకు నచ్చిన సంగతి ఒకటి ఉన్నది. తె.వికీపీడియా.ఆర్గ్ అన్న పేరును యంత్రం చివరి నుంచి చదువుతుంది. ముందు ఆర్గ్ ఎవరి అధీనమో అడుగుతుంది, వారిని వికీపీడియా గురించి, వీరిని తెలుగు గురించి అడుగుతుంది. తత్పురుష సమాసంలో ఉత్తరపదానికి ప్రాధాన్యం అన్నట్టే. ఈ నిఘంటువు ఒక్కటి పలకకపోతే తీగలన్నీ బాగున్నా ఏ పుటా తెరుచుకోదు.

నాలుగవది కబురు ప్రయాణం. మన మాటనూ బొమ్మనూ యంత్రం ముక్కలు చేసి పొట్లాలు కడుతుంది. మామూలుగా ఒక పొట్లం 1500 బైట్లకు మించదు. యూనికోడు తెలుగులో, జాలంలో ప్రయాణించే పద్ధతిలో, ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు పడతాయి. "లక్ష్మి" అన్న రెండక్షరాల మాటలో సంకేతాలు ఏడు, బైట్లు ఇరవై ఒకటి. కనుక ఒక అక్షరం నడుమనే పొట్లం తెగి, ఒత్తు ఒక పొట్లంలోనూ గుడి మరొక పొట్లంలోనూ పోవచ్చు. అయినా చేరేచోట అక్షరం చెడదు. పొట్లాలకు వరుస సంఖ్యలుంటాయి, వాటిని బట్టి తిరిగి కూర్చుకుంటారు.

ఇది వింటూ నేను అష్టావధానం తలచుకున్నాను. అవధాని ఒక పృచ్ఛకుడికి పద్యం పూర్తిగా చెప్పి మరొకరి దగ్గరకు పోడు. ఒకరికి సమస్యలో ఒక పాదం, ఇంకొకరికి దత్తపదిలో ఒక పాదం, ఇలా నాలుగు ఆవృతాలు తిరుగుతాడు. ఉన్నది ఒకటే గొంతు, అయినా ఎవరి పద్యం వారికి దక్కుతుంది. మా ఇంటి తీగ కూడా అంతే. అమ్మాయి ముఖమూ, నేను తెరిచిన పుటా, ఎదురింటివారి సినిమా ఒకే దారిలో ముక్కలుగా పోతాయి. తేడా ఒక్కటే. అవధానంలో ధారణ చేసి కూర్చి చెప్పేది అవధాని, ఇక్కడ కూర్చుకునే భారం అందుకునేవారిది.

ఇన్ని రకాల యంత్రాలు, ఇన్ని దేశాలు, ఎవరు ఎవరి మాట వింటారు? దీని మొదలు కూడా తెలుసుకున్నాను. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు మొదటి కబురు పంపబోయారు. పంపవలసిన మాట 'లాగిన్'. ఎల్, ఓ అన్న రెండక్షరాలు చేరగానే అవతలి యంత్రం కూలబడింది. సుమారు గంట తరువాత మాట పూర్తిగా చేరింది. మొదటి సంధే విఫలమైందని చదివి, పిన్నీసు గుచ్చినవాడిగా నాకు కొంత ఊరట కలిగింది. వేరు వేరు జాలాలు ఒకదానితో ఒకటి మాట్లాడే మర్యాదలను వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్రకటించారు. 1983 జనవరి 1న ఆ తొలి జాలం మొత్తం ఆ మర్యాదలకు మారింది. మన దేశంలో సామాన్యులకు అంతర్జాలం 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది. తీగలు కలిపినంత మాత్రాన జాలం కాదు. ఎవరు ముందు పలకాలి, అందిందని ఎలా చెప్పాలి అన్న ఒప్పందం ఉంటేనే జాలం. 'సంధి' అన్న మాటకు కలయిక అనీ, ఒడంబడిక అనీ మనవారు రెండర్థాలు ఊరకే చెప్పలేదు.

అతడు చెప్పిన చివరి సంగతి మాత్రం నన్ను వదలడం లేదు. పొట్లాలు పంపడంలో రెండు తీరులున్నాయి. ఒక తీరులో అందుకున్నవారు "ఇక్కడి దాకా అందింది" అని చెబుతూ ఉండాలి. ఆ మాట రాకపోతే పంపినవారు మళ్లీ పంపుతారు. ఉత్తరాలకూ పుటలకూ ఇదే ఎక్కువగా వాడతారు. రెండవ తీరులో బదులు కోసం ఆగరు. ఒక ముక్క పోతే పోయింది, తరువాతి ముక్క పంపుతారు. ఎదురెదురుగా మాట్లాడే పిలుపులకు సాధారణంగా ఇదే. ఆగి అడుగుతూ కూర్చుంటే మాట వెనుకబడిపోతుంది.

నేను మొదటి తీరు మనిషిని కావలసింది. పిల్లవాడి ముఖం చూసి, అందిందా అని అడిగి, అందకపోతే మరొక తీరుగా మళ్లీ చెప్పవలసినవాణ్ణి. దానికే నాకు జీతమిచ్చారు. నేను పాఠం చెప్పి, అందనివాణ్ణి బల్ల ఎక్కించాను.

పని ముగిసి అతడు పెట్టె సర్దుకుంటుండగా ఆ మాట చెప్పాను. "ఆనాడు నేనన్నది తప్పురా. మీ ఇంటికి రాకపోవడం అంతకన్న పెద్ద తప్పు." అతడు కాసేపు తీగ చుట్టుకుంటూ ఉండిపోయాడు. "ఎప్పటి మాటలో మాస్టారూ, ఇప్పుడెందుకండీ" అన్నాడు. క్షమించాడో లేదో తెలియలేదు, మళ్లీ అడగలేదు. కాఫీ తాగి, తన ఫోను సంఖ్య గోడ మీది క్యాలెండరులో రాసి, ఇంకొక ఇంటికి వెళ్లాడు.

ఆ సాయంత్రం ఏడున్నరకు ఫోను మోగింది. "అమ్మా, నాలుగు రోజుల కబుర్లున్నాయి" అని మొదలుపెట్టింది మా అమ్మాయి. మధ్యలో ఒకటి రెండు చోట్ల బొమ్మ ఆగింది, మాట తెగింది. అది ఆగకుండా చెబుతూనే ఉన్నది. మా ఆవిడ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. ఎడమ చేయి చాచి తెర మీది అమ్మాయి చెంప తాకింది. ఆ వేలు తగిలి పిలుపు కాస్తా ఆగిపోయింది. మళ్లీ కలపడం ఈసారి నాకే వచ్చింది.

మీ ఇళ్లలోనూ పెద్దవారుంటే వారి చేత ఒక కాగితం మీద ఈ వరుస రాయించి పెట్టండి: తీగ దీపం, వైఫై పేరు, చిరునామా, పేర్ల నిఘంటువు, బయటి దారి. ఎక్కడ తెగిందో తెలిస్తే సగం భయం పోతుంది. రౌటరు వెనుక రంధ్రం జోలికి మాత్రం పోవద్దని చెప్పండి.

స్వస్తి.